నూట నలభై ఎనిమిదో నంబరు దీపం

అత్వెల్లి దగ్గర మెయిన్ రోడ్డు పక్కనున్న నర్సరీలో బాలనర్సమ్మ పదేళ్లుగా పని చేస్తోంది. పొద్దున ఎనిమిదింటికి వచ్చి నల్ల సంచుల్లో మట్టి నింపి, నీళ్లు పట్టి, కలుపు తీసి సాయంత్రం ఐదున్నరకు తమ్ముడి ఇంటికి పోతుంది. తమ్ముడు అంజయ్య పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడా ఇంట్లో ఉండేది అతని కొడుకు మహేందర్, కోడలు మాధవీలత, వాళ్ల చిన్న కూతురు. ఆమెను బాగానే చూసుకుంటారు. తిన్నావా అని అడుగుతారు, జ్వరమొస్తే మేడ్చల్ తీసుకెళ్లి చూపిస్తారు. కానీ ఆమె బతుకులో ఒక ఇరవై ఏళ్లున్నాయి. వాటి గురించి మాట్లాడ్డానికి ఆ ఇంట్లోనే కాదు, ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే ఎవరూ లేరు.

ఆ ఇరవై ఏళ్లు ఆమె పైడిగుట్టలో ఉంది. అనంతపురం దాటి, కర్ణాటక సరిహద్దులో బస్సు దిగి, ఇంకో పన్నెండు కిలోమీటర్లు కంపెనీ లారీలో పోతే వచ్చే బంగారు గని ఊరు అది. పెనిమిటి గాలయ్య బావులు తవ్వేవాడు. రాయికి మందు పెట్టి పేల్చడం తెలిసినవాడని ఒక మేస్త్రీ అక్కడికి తీసుకుపోయాడు. అప్పుడామెకు పదిహేడేళ్లు. ఆరేళ్లు తిరక్కుండానే, రెండు వేల అడుగుల లోతులో పైరాయి కూలి గాలయ్య చనిపోయాడు. పిల్లలు లేరు. కంపెనీ వాళ్లు ఆమెకు లాంప్ రూములో, గనిలోకి దిగేవాళ్లకు కిటికీలోంచి దీపాలిచ్చే ఉద్యోగం ఇచ్చారు. రెండు వేల ఒకటిలో గని మూతబడేదాకా, పద్నాలుగేళ్లు, ఆమె అక్కడే పని చేసింది.

తిరిగొచ్చిన కొత్తలో అత్వెల్లి ఆడవాళ్లు చుట్టూ చేరి అడిగేవాళ్లు. "గంత బంగారం నడుమ ఉండి ఒక్క ముక్కుపుల్లన్న తెచ్చుకోలేదా బాలనర్సవ్వా?" ఆమె చెప్పబోయేది. బంగారం కంటికి కనపడదని, టన్ను రాయి దంచితే చిటికెడు కూడా రాదని, తను ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా చూడలేదని. వాళ్లు నమ్మలేదు. దాచుకుందని కొందరు, తెలివి లేనిదని కొందరు అనుకున్నారు. కొన్నాళ్లకు అడగడం మానేశారు. ఆమె కూడా చెప్పడం మానేసింది.

మొన్న చలికాలంలో ఒక ఆదివారం, హైదరాబాదులోని సుచిత్ర నుంచి ఒక పెద్దాయన కారులో మొక్కల కోసం వచ్చాడు. పేరు గోపాలరావు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నూరువరహాల మొక్క ముందు ఆగి భార్యతో అన్నాడు: "పైడిగుట్టలో మా బంగళా చుట్టూ ఇవే ఉండేవి, గుర్తుందా?"

బాలనర్సమ్మ చేతిలోని పైపు వాలి నీళ్లు కాళ్ల మీదికి కారాయి. ఆ పేరు ఇంకొకరి నోట విని ఎన్నేళ్లయిందో.

"సార్, మీది పైడిగుట్టనా?" అంది.

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "అవునమ్మా. మా నాన్నగారు అక్కడ ఇంజనీరు. నువ్వక్కడ ఉన్నావా? ఎవరింట్లో పని చేసేదానివి?"

"ఎవరింట్ల జెయ్యలే సార్. లాంప్ రూముల జేసిన."

ఆయన కాస్త తడబడ్డాడు. తర్వాత మర్యాదగా మాట్లాడాడు, మీరు అన్నాడు. వచ్చే నెల రెండో ఆదివారం పైడిగుట్ట వాళ్లంతా శామీర్‌పేటలో ఒక రిసార్టులో కలుస్తున్నారని, తప్పకుండా రమ్మని చెప్పాడు.

"లేబర్ లైన్లోల్లు గూడ వస్తరా సార్?"

"అందరూ వస్తారమ్మా."

ఆ నెల రోజులూ ఆమె సంచుల్లో మట్టి నింపుతూ మనుషుల్ని తలుచుకుంది. గని కూలీల ఇళ్ల వరసల్లో, ఆ లైన్లలో, తనతో ఉన్నవాళ్లెవరొస్తారు? సిద్ధప్ప పెండ్లాం వస్తుందా? తనకు జ్వరమొచ్చిన ప్రతిసారీ మిరియాల చారు పోసిన ముత్తువేలు తల్లి ఉందో లేదో. కనీసం ఎవరి పిల్లలైనా వస్తే మొహం చూసి పోల్చుకోగలదా? ఆ ఆదివారం తలకు నూనె రాసుకుని, పెట్టెలో ఉన్న చీరల్లోకెల్లా మంచిది కట్టుకుంది. మహేందర్ బండి మీద దించిపోయాడు.

"నాలుగింటికొస్త అత్తా. గేటు కాడ్నే ఉండు," అన్నాడు.

పచ్చిక మీద షామియానా వేశారు. అరవై మంది దాకా ఉన్నారు. గేటు దగ్గర బల్ల వేసుకుని గోపాలరావు అన్న కూతురు అశ్రిత అందరికీ పేర్ల బిళ్లలు ఇస్తోంది.

"మీ పేరు? ఏ బ్యాచ్ అండీ?"

"బ్యాచ్ అంటే?"

"స్కూల్లో. ఏ సంవత్సరం?"

"బడికి పోలేదు బిడ్డా."

ఆ అమ్మాయి నొచ్చుకుని, గబగబా పేరు రాసి తనే ఆమె చీరకు బిళ్ల గుచ్చింది. లోపల అందరూ ఒకరినొకరు కావలించుకుంటున్నారు, స్కూల్లో పెట్టుకున్న పేర్లతో పిలుచుకుంటున్నారు. బాలనర్సమ్మ ఒక్కో మొహమే వెతికింది. లేబర్ లైను వాళ్లు ఒక్కరూ లేరు. అందరూ ఆఫీసర్ల పిల్లలు, వాళ్ల పిల్లలు. ఆమె చివరి వరసలో కూర్చుంది.

మైకులో ఒక్కొక్కరే మాట్లాడారు. క్లబ్బులో టెన్నిసు, క్రిస్మస్ కేకు, కంపెనీ బస్సులో పిక్నిక్కులు. అబద్ధాలేం కాదు. క్లబ్బు దీపాలు లైన్లలోకి కనపడేవి కూడా. కానీ ఆమెకు తెలిసిన పైడిగుట్టలో నలభై ఇళ్లకు ఒకటే నల్లా, రోజుకు గంట నీళ్లు. రాయి దంచి బంగారం తీసేశాక పోసిన తెల్లటి పిండి గుట్టలు. గాలి వీచిన రోజు ఆ పిండి అన్నంలో పడేది, కళ్లలో పడేది, ఆరేసిన బట్టల్లో పడేది. సైరన్ మోగితే అన్నం ముందున్న ఆడవాళ్లు లేచి గుమ్మంలోకి వచ్చేవాళ్లు. టైముకు మోగిందా, ప్రమాదమై టైము కాని టైములో మోగిందా అని.

"మేం తొంభై ఆరులోనే వచ్చేశాం," అంటోంది ఒకామె మైకులో. "తర్వాత మూసేశారని పేపర్లో చదివి ఎంత ఏడ్చానో."

బాలనర్సమ్మకు ఆ ఆఖరి నెలలు గుర్తొచ్చాయి. మూడు షిఫ్టులు రెండయ్యాయి, రెండు ఒకటైంది. రోజుకో ఇల్లు ఖాళీ అయ్యేది. పోయేవాళ్లు తలుపులు, కిటికీలు కూడా ఊడదీసుకుని లారీల్లో వేసుకునేవాళ్లు. ఐదు వందల దీపాల్లో చివరికి పదకొండే కిటికీ దాటి వెళ్లేవి, నీళ్లు తోడే పంపుల వాళ్లకి. మిగతా దీపాలను ఆమె రోజూ తుడిచేది. ఎందుకు తుడుస్తున్నావని ఎవరూ అడగలేదు, అడగడానికి ఎవరూ లేరు కాబట్టి. ఒక రోజు పంపులూ ఆపేశారు. లోపల నీళ్లు నిండుతున్నాయని చెప్పుకున్నారు. సామాను పాత ఇనుము కింద వేలం వేశారు. ఆమె ఒక ట్రంకు పెట్టెతో బస్సెక్కింది.

భోజనాల తర్వాత తెర మీద ఫొటోలు వేశారు. గోపాలరావు ఒక్కొక్కటీ చూపిస్తూ వివరిస్తున్నాడు. బంగళాలు, బడి, ఎవరిదో పెళ్లి. తర్వాత ఒక ఫొటో వచ్చింది. గని ముందు రెండు వరసల్లో టోపీలు పెట్టుకున్న పద్దెనిమిది మంది.

"ఇది తొంభై ఎనిమిది, సేఫ్టీ వీక్. ఇందులో ఉన్నవాళ్లెవరో మనలో ఎవరికీ తెలియదు. మా నాన్నగారుంటే చెప్పేవారేమో. సరే, అశ్రితా, తర్వాతది..."

"ఆగుండ్రి సార్."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. బాలనర్సమ్మ లేచి నిలబడింది. తను లేచినట్టు తనకే ఆలస్యంగా తెలిసింది.

"నాకు ఎర్కె సార్ గాల్లు."

గోపాలరావు రమ్మన్నాడు. ఆమె కుర్చీల మధ్య నుంచి తెర దగ్గరికి నడిచింది. మైకు ఇవ్వబోతే తీసుకోలేదు. లాంప్ రూములో మనిషి కన్నా ముందు నంబరు వస్తుంది. పనికి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల కిటికీలో పెడతాడు, దాన్ని గోడకు తగిలించి, అదే నంబరు దీపం తీసి ఇవ్వాలి. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టయ్యాక గోడ మీద బిళ్ల మిగిలి ఉందంటే మనిషింకా కింద ఉన్నట్టే. అందుకే ఆమె నంబర్లతోనే మొదలుపెట్టింది.

"ముంగట కూసున్నది తొంభై రెండు, ఓబులేసు. పక్కన రెండొందల పదకొండు, ముత్తువేలు, తమిళాయన. గీ మీసాలాయన ముప్పై ఏడు, సిద్ధప్ప. నవ్వుతుండు సూడుండ్రి, మూడొందల ఆరు, సుంకన్న. గీనె బిళ్ల రోజు మరిచిపోయి ఇంటికి ఉరికెటోడు..."

ఎవరో నవ్వారు. అశ్రిత కాగితం తీసుకుని రాసుకోసాగింది. వెనక వరసలో నాలుగో మనిషి దగ్గర బాలనర్సమ్మ వేలు ఆగింది.

"నూట నల్పై ఎనిమిది," అంది. తర్వాత పేరు చెప్పింది. "గౌరయ్య."

నూట నలభై ఎనిమిది గాలయ్య నంబరు. అతని శవంతో పాటు దీపాన్నీ పైకి తెచ్చారు. అద్దం ఒక్కటే పగిలింది. కొత్త అద్దం వేసి దాన్ని మళ్లీ దీపాలు పెట్టే చట్రంలో పెట్టారు. ఆమె పనిలో చేరిన వారానికి ఒక కొత్త మనిషి కిటికీలో అదే నంబరు బిళ్ల పెట్టాడు. పాలమూరు మాట. ఆమె బిళ్ల చూసింది, దీపం చూసింది, చెయ్యి లేవలేదు. అతని వెనక నిలబడ్డవాళ్లు గొణిగారు. ఆ మనిషి తన వల్ల ఏం తప్పు జరిగిందో తెలియక నిలబడ్డాడు. ఆమె దీపం తీసి ఇచ్చింది.

అప్పటి నుంచి పద్నాలుగేళ్లు ఇస్తూనే ఉంది. చివరికి మిగిలిన పదకొండు దీపాల్లో అదీ ఒకటి. అది తిరిగొచ్చి చట్రంలో కూర్చునేదాకా, డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్లేది కాదు. ఏడాది తర్వాత ఎవరు చెప్పారో గౌరయ్యకు సంగతి తెలిసింది. అందరూ దీపాన్ని బల్ల మీద విసిరి పోయేవాళ్లు. అతను మాత్రం ఆ రోజు నుంచి తలగుడ్డ విప్పి, అద్దం మీది దుమ్ము తుడిచి, రెండు చేతులతో పెట్టేవాడు. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ ఒక్క మాటా అనుకోలేదు.

పద్దెనిమిది మందిలో ఆమె పదహారు మందిని చెప్పింది. మిగతా ఇద్దరు గనిలోకి దిగకుండా పైనే పని చేసిన కాంట్రాక్టు మనుషులు, వాళ్లకు తను దీపం ఇవ్వలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

"అద్భుతమమ్మా!" అన్నాడు గోపాలరావు మైకులో. "వీళ్లలో మీవారు ఎవరు?"

"లేడు సార్. గప్పటికే పోయిండు."

"అయ్యో," అన్నాడాయన.  ఎవరో గ్రూప్ ఫొటోకి రమ్మని పిలిచారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు, పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. ఒకామె నిజంగానే కళ్లు తుడుచుకుంది. తర్వాత తంబోలా ఆట మొదలైంది, అంతా అటు వెళ్లారు. మూడున్నరకే బాలనర్సమ్మ గేటు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఎట్లున్నదత్తా? మనోళ్లొచ్చిండ్రా?" అడిగాడు మహేందర్.

"మంచిగనే ఉండెరా. బువ్వ మస్తు వెట్టిండ్రు," అంది.

నెల తర్వాత నర్సరీకి ఒక పార్సిల్ వచ్చింది. అశ్రిత ఆ ఫొటోకి ఫ్రేమ్ కట్టించి, కింద నంబర్లతో సహా పేర్లన్నీ తెలుగులో అచ్చు వేయించి పంపింది. బాలనర్సమ్మ దాన్ని ఇంటికి తెచ్చి మంచం మీద పెట్టింది. మాధవీలత గోంగూర ఆకు తెంపుతూ వంగి చూసింది.

"గిందుల మామ ఏడి అత్తా?"

"లేడు."

"మామ లేనిది ఇగ ఎందుకు పెట్టుడు?" ఎద్దేవా ఏం కాదు, తెలియక అడిగింది.

ఇంకెప్పుడైనా అయితే బాలనర్సమ్మ ఊరుకునేది. ఈసారి వెనక వరసలో నాలుగో మనిషి మీద వేలు పెట్టింది.

"మీ మామ దీపం గీనెకిచ్చిన. రోజు ఇచ్చిన, పద్నాలుగేండ్లు."

మాధవీలత ఆకు తెంపడం ఆపింది. అత్త మొహం చూసింది, ఫొటో చూసింది. తర్వాత మెల్లగా కదిపింది, ఒక్కొక్క ప్రశ్నే. బాలనర్సమ్మ బిళ్లల గురించి చెప్పింది, పగిలిన అద్దం గురించి చెప్పింది, తలగుడ్డ గురించి చెప్పింది. ఇరవై నాలుగేళ్లలో ఆ ఇంట్లో అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

"గాయన ఇప్పుడేడున్నడత్తా?"

"తెల్వదు. పాలమూరు దిక్కు అనెటోడు."

"ఏ ఊరు?"

"అడగలే."

"గన్నేండ్లల్ల ఒక్కసారి గూడ అడగలేదా?"

"ఎనక లైను ఉండేది బిడ్డా. ఆగి మాట్లాడేతందుకు లేకుండె."

మాధవీలత గోంగూర పక్కన పెట్టింది. లేచి, ఫొటోని గోడకు ఎక్కడ కొడితే వెలుతురు పడుతుందో చూసి, మేకు కోసం లోపలికి వెళ్లింది. బాలనర్సమ్మ మిగిలిన గోంగూర దగ్గరికి లాక్కుని తెంపసాగింది. ఆ మనిషి బతికే ఉంటే డెబ్బై దాటి ఉంటాడు. పాలమూరు దిక్కున ఊళ్లు ఎన్నో. ఎవరిని అడగాలో, అడిగితే తనెవరని చెప్పుకోవాలో ఆమెకు తట్టలేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నర్సరీకి వెళ్లింది. లారీలో నాలుగు వందల మందార మొక్కలు వచ్చాయి. అవి దించి, వరసలు పేర్చి, నీళ్లు పట్టేసరికి సాయంత్రమైంది.