ఎడంచేతి ముడి

ఎడంచేతి మాస్టారు కుట్టిన జేబులో పడ్డ నాణెం, జేబు తాలూకు మనిషి బతిమాలితే తప్ప బయటికి రాదని బజారంతా చెప్పుకునేది. ఒకసారి ఓ లావుపాటి గుమాస్తా మేడమీంచి జారిపడబోయి, చొక్కా గుండీ మేకుకి తగులుకుని గంటసేపు గాల్లో వేలాడాడట. నిచ్చెన తెచ్చేసరికి గుమాస్తా నిద్రపోయాడు గానీ గుండీ మాత్రం మేలుకునే ఉందట. ఇందులో నిజమెంతో మాస్టారు ఏనాడూ తేల్చలేదు. తేలిస్తే ఆయనకే నష్టం.

కుట్టు చూసి మనిషిని చెప్పగలనని ఆయన ధీమా. కాలరు తిరగేసి, "వీడికి కూతుర్నివ్వొచ్చు," అనేవాడు.

అలాంటి మాస్టారు, పెళ్లై ఇరవై ఐదేళ్లు నిండుతున్నాయని, భార్యని సముద్రం మీద తిప్పి తెస్తానని నలుగురి ముందూ మాటిచ్చేశాడు. అందరూ ఎక్కే లాంచీ కాదు, అచ్చంగా తమకోసమే ఒక యాట్, అదే, షోకు పడవ.

"ఏవండీ, నాకు ఈత రాదు," అంది భార్య.

"నాకొచ్చా? పడవకొస్తే చాల్లే."

రేవులో యాట్‌లు అద్దెకిచ్చేవాళ్లు ఇద్దరే. బావమరిదిని వెంటేసుకుని మాస్టారు ముందు ఒక రేకుల షెడ్డుకి వెళ్లాడు. ఒకావిడ నేలమీద కూర్చుని తాడు పేనుతోంది. పడవ ఆవిడదే, నడిపే సరంగూ ఆవిడే. కోటు రెండో గుండీ ఒంటిదారం మీద వేలాడుతోంది. మాస్టారి కన్ను అక్కడే ఆగిపోయింది.

సరంగమ్మ ప్రశ్నలు మొదలెట్టింది. ఎంతమంది? ఈత ఎవరికొచ్చు? పిల్లలుంటే బరువెంత? గుండెజబ్బు, మూర్ఛ ఎవరికైనా ఉన్నాయా? గాలి తిరిగితే సగం దారిలోంచే వెనక్కి తెచ్చేస్తాను, ఒప్పుకుంటారా?

"బావా, ఈవిడ పడవిస్తుందా, పిల్లనిస్తుందా?" అని బావమరిది చెవిలో గొణిగాడు.

ఆవిడ ఒక నారింజరంగు లైఫ్ జాకెట్ అందించి తొడుక్కోమంది. మాస్టారు తొడుక్కోలేదు, తిరగేసి కుట్టు చూశాడు.

"ఇలాంటివి కిందటేడు నలభై కుట్టాను మేడమ్. ఇంతకన్నా నీటుగా."

"లోపల ఏం నింపారు?"

"గుడ్డపీలికలు. దుకాణాల్లో అద్దాల వెనక బొమ్మలుంటాయే, వాటికి తొడగడానికట. ఉబ్బుగా కనిపిస్తే చాలన్నాడు."

తాడు పేనే చేతులు ఆగాయి. "అన్నదెవరు?"

"ఎవరో వచ్చాడు, పట్టుకెళ్లాడు. నేను కొలతలడుగుతా గానీ పుట్టుపూర్వోత్తరాలడగను."

"నలభై బొమ్మలున్న దుకాణం ఈ ఊళ్లో ఎక్కడుంది మాస్టారూ?"

"బొమ్మలు మునిగితే పూచీ నాదా ఏంటి?" అని మాస్టారు పకపకా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. లేచి గుమ్మందాకా వచ్చింది.

"నా పడవ ఎక్కకపోతే మానెయ్యండి. ఎవరిదెక్కినా, తాడు విప్పకముందే జాకెట్ పిసికి చూడండి."

రెండో ఆఫీసు అద్దాల గది. అందులో ఉన్నాయన నవ్వుతూనే పుట్టినట్టున్నాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. "మీరు రండి సార్, చాలు. మిగతాదంతా మేం చూసుకుంటాం," అన్నాడు. సోఫా దిండు మాస్టారు రహస్యంగా తిరగేశాడు. జంటకుట్టు, గీత గీసినట్టుంది. అంతే, బేరం కుదిరిపోయింది.

అనుకున్న రోజు పొద్దున్న సముద్రం కడిగిన పలకలా ఉంది. గాలి మాత్రం ఉండుండి ఆగుతోంది, ఎవరో ఊపిరి బిగబట్టినట్టు. నవ్వులాయన పడవలు రెండు అప్పటికే జనంతో వెళ్లిపోయాయి. మూడోది మాస్టారి కోసం ఆగింది. భార్య, బావమరిది, అతని ఏడేళ్ల కూతురు ఎక్కారు. నవ్వులాయన జాకెట్ల బుట్ట తెచ్చి పడవ చెక్కమీద పెట్టాడు.

"మావయ్యా, నాకు కట్టవా?" అంది పిల్ల.

మాస్టారు మోకాళ్లమీద కూర్చుని పట్టీ బిగించాడు. అలవాటుకొద్దీ వేలు కుట్టు వెంట పరిగెత్తి, చంక కింద ఒక చిన్న ముడి దగ్గర ఆగింది. ఊళ్లో దర్జీలందరి ముడీ కుడికి పడుతుంది. ఇది ఎడమకి పడింది.

ఆయన పిసికాడు. మెత్తగా, తలగడలా లోపలికి పోయింది.

"ఏంటి బావా, ముచ్చెమటలు పట్టాయి? పడవింకా కదల్లేదు!"

"దిగండి," అన్నాడు మాస్టారు. ఎవరూ లేవలేదు. మళ్లీ అన్నాడు.

"సార్, కంగారు పడకండి, అంతా మేం..."

మాస్టారు జేబులోంచి కత్తెర తీశాడు. పిల్ల ఒంటిమీదున్న జాకెట్ కుట్టు సర్రున విప్పాడు. పీలికలు చెక్కమీద కుప్పగా పడ్డాయి. వాటిలోంచి పసుప్పచ్చ పూల ముక్కొకటి భార్య చేతిలోకి తీసుకుంది.

"ఇది నా రవికె గుడ్డ కదండీ! కిందటేడు మీరే కుట్టారు."

"ఇదీ నేనే కుట్టాను," అన్నాడు మాస్టారు.

నవ్వులాయన మొహంమీద నవ్వు అలాగే ఉంది. కళ్లు మాత్రం చుట్టూ ఎవరున్నారా అని వెతుకుతున్నాయి.

పిల్లనెత్తుకుని అందరూ ఒడ్డుకి దిగేసరికి సరంగమ్మ ఎదురొచ్చింది. చెక్కమీది పీలికలు దూరంనుంచే చూసినట్టుంది.

"ఎన్ని కుట్టారన్నారు?"

"నలభై."

"ఇక్కడెన్నున్నాయి?"

మాస్టారు పడవలోకి వంగి బుట్టలోవి లెక్కపెట్టాడు. కోసినదాంతో కలిపి పన్నెండు.

ఇద్దరూ సముద్రం వైపు చూశారు. నీటి అంచున రెండు తెల్లటి చుక్కలు. అంతవరకూ బిగబట్టిన గాలి ఒక్కసారిగా వదిలింది. రేవులో తాళ్లన్నీ కీచుమన్నాయి. పలకలాంటి నీళ్లు ముడతలు పడ్డాయి.

సరంగమ్మ అప్పటికే తన పడవ తాడు విప్పుతోంది. "నేను చెబితే ఆ పడవలవాళ్లు పోటీకొద్దీ కూస్తున్నాననుకుంటారు. వెనక్కి తిరగరు. కుట్టినవాడు చెబితే నమ్ముతారు. వస్తారా?"

"ఏవండీ, మీకు ఈత..." అంది భార్య.

మాస్టారు పడవెక్కాడు. ఆవిడ విసిరిన జాకెట్ అందుకుని, తిరగేసి చూడకుండానే తొడుక్కుని పట్టీ బిగించాడు. పడవ మొదటి అలమీద పైకి లేచినప్పుడు సరంగమ్మ కోటు గుండీ తెగి నీళ్లలో పడిపోయింది. మాస్టారు అది చూడలేదు. ఆయన చుక్కల్ని చూస్తున్నాడు. ఇందాక రెండు. ఇప్పుడు ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకటే.