అక్టోబరులో ఓడిన జట్టు లేదు

గుండెలో వాల్వు మార్చాలని డాక్టరు చెబితే ఎవరైనా ఎప్పుడు చేస్తారు, ఎంత ప్రమాదం అని అడుగుతారు. నా మొగుడు వెర్లిన్ మాత్రం "ముందు జట్టుని చూసొచ్చి చెప్తానండి" అన్నాడు.

డాక్టర్ ప్రూయిట్ నెమ్మదస్తురాలు. గుండె బొమ్మ చేతిలో పట్టుకుని ఏ తలుపు సరిగ్గా మూసుకోవడం లేదో అప్పటిదాకా ఓపిగ్గా చెప్పింది. "ఏ జట్టు?" అని అడిగింది.

ఏ జట్టేమిటి, మా టామరాక్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు. పేరు హెరాన్స్, అంటే కొంగలు. ఒంటికాలి మీద జపం చేసే పక్షి పేరు పెట్టుకుని, ఏటా ఆ జపంతోనే సరిపెట్టుకునే జట్టు. వెర్లిన్ చొక్కా జేబులోంచి ఆటల తేదీలున్న కార్డు తీసి ఆవిడ బల్ల మీద పెట్టాడు.

"నవంబరులో మొదలై మార్చిలో అయిపోతుందండి. జట్టు బాగుందనుకోండి, ఏప్రిల్లో వస్తాను. బాగోలేదనుకోండి, ఇప్పుడే కోసెయ్యండి."

"ఏప్రిల్ దాకా ఆగడం నాకు ఇష్టం లేదు మిస్టర్ స్టకీ," అందావిడ. "ఈ నెలలోనే అయిపోవాలి. ఆ తర్వాత చలికాలమంతా జనంలోకి వెళ్ళకూడదు, అరవకూడదు."

అరవకూడదన్న మాటకి వెర్లిన్ మొహం మాడిపోయింది. వాల్వు మాట చెప్పినప్పుడు కూడా అంత మాడలేదు.

నేనేమీ పిరికిదాన్ని కాను. కానీ పోయిన మార్చిలో ఆఖరి ఆట రోజున రిఫరీని తిడుతూ తిడుతూ ఈ మనిషి ఉన్నపళంగా కూలబడ్డాడు. పెదాలు బూడిదరంగులోకి తిరిగాయి. పాప్‌కార్న్ పడలేదని చెప్పి అందరినీ నమ్మించాడు. నన్ను నమ్మించలేకపోయాడు. ఆనాటి నుంచీ ఆయన నిద్రపోతుంటే పక్కన పడుకుని ఊపిరి వింటూ ఉంటాను. మా అమ్మాయి ఫోన్లో ఏడ్చింది, పాస్టరుగారు ఇంటికొచ్చి కూర్చుని వెళ్ళారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. జట్టుని చూడాలి, అంతే.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. జట్టుని చూసిరావడం అంటే మా ఊళ్ళో ఒక తంతు ఉంది. సీజన్ మొదలుకాకముందు అక్టోబరులో ఒక శనివారం కాలేజీవాళ్ళు జిమ్ తలుపులు తెరిచి ప్రాక్టీసు అందరినీ చూడనిస్తారు. అది చూసి మేం నలుగురం హైవే పక్కన డైనర్లో మూల బల్ల దగ్గర చేరతాం. నేనూ, వెర్లిన్, హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు కోచ్‌గా చేసిన మెర్ల్, స్కూలు బస్సు నడిపి రిటైరైన నోరీన్. తిండి వచ్చేలోపు ఒక్కొక్కరూ ఈ ఏడాది జోస్యం చెప్పాలి. పోయినేడు ఎవరి జోస్యం ఎక్కువ తప్పిందో వాళ్ళు ముందు మొదలుపెట్టాలి. అందుకని ఎప్పుడూ నోరీనే మొదలుపెడుతుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఒక్క ఆటైనా జరగకముందే మార్చిలో ఫైనల్‌కి ఏ చొక్కా వేసుకోవాలో కూడా తేల్చేస్తుంది.

ఈ తంతుకి ఒకటే నియమం. అక్టోబరులో ఎవరూ జట్టు ఓడిపోతుందని అనకూడదు. అంటే అరిష్టం. ఇంకా ఎవరి చేతిలోనూ ఓడని జట్టుని పట్టుకుని పోతుందంటే, ఓడించింది మనమే అవుతామని ఇక్కడివాళ్ళ నమ్మకం.

ఆ నియమం తప్పమని మెర్ల్‌నీ నోరీన్‌నీ శుక్రవారం చర్చి పార్కింగులో నిలబెట్టి అడిగాను.

"జట్టు పనికిరాదని చెప్పమంటావా? అక్టోబరులోనా?" నోరీన్ గుండె మీద చెయ్యేసుకుంది. "విల్మా, నీకు మతి గానీ పోయిందా?"

"చచ్చిపోతాడే," అన్నాను. "అసలు అరిష్టమంటే అది."

నోరీన్ కళ్ళు తుడుచుకుని సరేనంది. మెర్ల్ మాత్రం బుగ్గ గోక్కున్నాడు. "నేను ముందు చూస్తాను. చూసిందే చెప్తాను. అబద్ధం చెప్తే వాడు పట్టేస్తాడు."

అబద్ధం చెప్పాల్సిన అవసరమే రాలేదు. శనివారం ప్రాక్టీసులో మా కొంగలు ఆడిన ఆట చూస్తే పగవాడికి కూడా జాలి వేసేది. బంతి ఒకడు ఇటు విసిరితే రెండోవాడు అటు చూస్తున్నాడు. లిథువేనియా నుంచి కొత్తగా వచ్చిన డోమాస్ అనే ఏడడుగుల కుర్రాడు రెండు మోకాళ్ళకీ పట్టీలు కట్టుకుని, బాస్కెట్ కింద నిలబడి బస్సు కోసం చూస్తున్నవాడిలా ఉన్నాడు. పక్క కౌంటీలో పాడి ఉన్న యోడర్ వాళ్ళబ్బాయి మొదటి ఏడాదివాడు, చేతులు బారుగా ఉన్నాయి గానీ కాళ్ళు కదలవు. నేను మనసులో దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇంత చెత్త జట్టుని సమయానికి పంపించినందుకు.

డైనర్లో మూల బల్ల దగ్గర కూర్చోగానే మెర్ల్ అలవాటు ప్రకారం ఐదుగురు ఆటగాళ్ళనీ నిలబెట్టాడు. కెచప్ సీసా డోమాస్. ఉప్పు డబ్బా యోడర్. మిరియాల డబ్బా, ఆవపిండి సీసా, పంచదార పొట్లాల గిన్నె మిగతా ముగ్గురు.

"మొదలుపెట్టు నోరీన్," అన్నాడు వెర్లిన్. చిన్నపిల్లాడిలా చేతులు రుద్దుకుంటున్నాడు.

నోరీన్ గొంతు సవరించుకుంది. "ఏం చెప్పమంటావు, ఈ ఏడాది మనవాళ్ళు... బాగోలేరు." ఆ ముక్క అనేసరికి దాని మొహాన చెమటలు పట్టాయి. "డిఫెన్స్ లేదు. దూరం నుంచి బంతి వేసే చెయ్యి లేదు. కాకపోతే డోమాస్ మోకాళ్ళు గనక కుదురుకుంటే..."

బల్ల కింద దాని కాలు తొక్కాను.

"కుదురుకోవు," అంది నోరీన్ గబుక్కున. "అవి కుదురుకునే మోకాళ్ళు కావు."

వెర్లిన్ దానివంక వింతగా చూశాడు. "నీకు ఒంట్లో బాగుందా? పోయినేడు ఒంటిచేతి కుర్రాణ్ణి చూసి కూడా టైటిల్ మనదే అన్నావు."

"చెయ్యి విరిగి కట్టుకట్టుకున్నాడంతే, ఒంటిచెయ్యి కాదు," అని నోరీన్ గొణిగింది.

"నేను చెప్తాను," అన్నాడు మెర్ల్. కెచప్ సీసాని వేలితో తోసి పడుకోబెట్టాడు. "వీడు క్రిస్మస్ దాకా నిలబడడు." మిరియాల డబ్బా పక్కకి నెట్టాడు. "వీడు బంతి చేతికొస్తే ఇంకొకడికి ఇవ్వడు, వాళ్ళమ్మ ఇచ్చినట్టు దాచుకుంటాడు." ఆవపిండి సీసాకేసి చూసి ఏమీ అనకుండా వదిలేశాడు, అది ఇంకా ఘోరం. "ఒరేయ్ వెర్లిన్, కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమే ఈ ఏడు. ఓడిపోతారు. మన ఊళ్ళో ఆడినా ఓడిపోతారు, పైఊళ్ళో ఆడినా ఓడిపోతారు."

పక్క బల్ల దగ్గర ఇద్దరు తినడం ఆపి మావైపు తిరిగారు. అక్టోబరులో ఈ ఊళ్ళో అలాంటి మాట ఎవరి నోటా వినపడలేదు.

వెర్లిన్ ఆ పడుకున్న సీసావంకే చూశాడు. పని అయిపోయిందనుకున్నాను.

"అయితే ఖాయం," అన్నాడు నిదానంగా. "నేను ఏప్రిల్‌కే వెళ్తాను."

"అదేమిటి?" నా గొంతు నాకే కీచుగా వినిపించింది. "బాగోలేకపోతే ఇప్పుడే చేయించుకుంటానన్నావుగా."

"ఇంత బాగోలేదనుకోలేదు. గెలిచే జట్టుకి చప్పట్లు కొట్టేవాళ్ళు బోలెడుమంది వస్తారు విల్మా. జనవరిలో మంచు పడుతుంటే, ముప్ఫై పాయింట్లు వెనకబడుంటే, ఎవడొస్తాడు? ఆ పిల్లలు తలెత్తి చూస్తే ఖాళీ బల్లలు కనపడాలా?"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇంక నాకు తిక్క రేగింది.

"గెలిస్తే చూడాలని వెళ్తావు. ఓడితే ఓదార్చాలని వెళ్తావు. మరి బతకడానికి ఎప్పుడు వెళ్తావు? చెప్పు, కార్డు తీసి చూసి చెప్పు, అందులో దానికి తేదీ ఉందేమో. ఆ పిల్లలకి ఖాళీ బల్ల కనపడకూడదు. నాకు ఖాళీ మంచం కనపడొచ్చు, అవునా?"

నోరీన్ తల దించుకుంది. పక్క బల్లవాళ్ళు మర్యాదగా అటు తిరిగారు. వెర్లిన్ రుమాలు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు.

"భయమేస్తోందే," అన్నాడు చివరికి. "అక్కడ పడుకోబెట్టి మత్తిస్తారు. లేవలేదనుకో. నేను ఆఖరుగా చూసిన ఆట పోయిన మార్చిది అవుతుంది. అదీ సగమే చూశాను. ఇంకొక్క సీజన్ చూసి పడుకుంటే, ఏమైనా ఫరవాలేదనిపిస్తోంది."

ఇన్నాళ్ళూ ఈ మాట నాతో అనలేదు. కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. లేస్తావని నేనెలా మాటివ్వగలను?

మెర్ల్ మా ఇద్దరినీ పట్టించుకోలేదు. ఉప్పు డబ్బాని రెండు వేళ్ళతో పట్టుకుని బల్ల మీద అటూ ఇటూ నడిపిస్తున్నాడు.

"ఈ యోడర్ కుర్రాణ్ణి చూశావా?" అన్నాడు.

"కాళ్ళు కదలవు," అన్నాడు వెర్లిన్ నీరసంగా.

"కాళ్ళు కాదురా, కళ్ళు చూశావా? బంతి చేతికి రాకముందే ఎవరికివ్వాలో చూసేసుకుంటున్నాడు. ఆ మిరియాల వెధవ రెండుసార్లు పట్టుకోలేకపోయాడు, వాడికి బంతి వస్తుందనే తెలియదు కాబట్టి. అది నేర్పితే వచ్చేది కాదు. నేను ముప్ఫై ఏళ్ళు నేర్పడానికి చూశాను." ఉప్పు డబ్బాని బల్ల మధ్యలో పెట్టాడు. "ఈ ఏడాది ఏమీ లేదు. వచ్చే ఏడాదీ అంతంతే, కాళ్ళు గట్టిపడాలి, ఒళ్ళు చెయ్యాలి. ఆ పై ఏడాది చూడు. అప్పుడు ఈ జట్టు జట్టు."

వెర్లిన్ తలెత్తాడు.

నేను మెర్ల్ మొహంలోకి చూశాను. నా కోసం అంటున్నాడేమోనని. కాదు. ఆ మనిషి మొహంలో ఒక్క మాట కూడా నా కోసం లేదు. డబ్బానే చూస్తున్నాడు.

"అప్పటిదాకా ఉంటాడా?" అంది నోరీన్. "ఈ రోజుల్లో కాస్త బాగా ఆడితే చాలు, పెద్ద కాలేజీవాళ్ళు వచ్చి ఎత్తుకు..."

అప్పుడే వచ్చిన పెర్సిమన్ పళ్ళ పుడ్డింగ్ గిన్నె దాని ముందుకి తోశాను. "తిను నోరీన్. వేడిగా ఉంది."

"వెళ్ళడు," అన్నాడు వెర్లిన్. ఎవరూ అడగకుండానే. "వాళ్ళ నాన్నకి నడుం పడిపోయింది. తెల్లారగట్ట పాలు పితికి కాలేజీకి వస్తాడు, జిమ్ దగ్గర ఎవరో చెప్పారు. ఆ పిల్లాడు ఎక్కడికీ పోడు." చెయ్యి చాపి ఉప్పు డబ్బాని అందుకున్నాడు. కొంచెం ముందుకి జరిపాడు. ఖాళీగా ఉన్న చోటికి బంతి విసురుతున్నట్టు వేలు చూపించాడు. "ఆ పై ఏడాదా?"

"ఆ పై ఏడాదే," అన్నాడు మెర్ల్. "అంతకుముందు అడక్కు."

వెర్లిన్ పెదాలు కదిపి లెక్క వేసుకున్నాడు. ఆ పెదాల బూడిదరంగు నేనూ చూశాను, ఆయనకీ తెలుసు.

"ఆ డాక్టరమ్మ ఏ రోజు అంది?"

"మంగళవారం," అన్నాను. "ఉంచమని చెప్పాను. ఇవాళ్టిలోపు ఖాయం చెయ్యకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు."

"రేడియోలో వినొచ్చా? అరవకుండా?"

"వినొచ్చు."

"అయితే ఫోన్ చెయ్యి."

నా మాట కాదు, కన్నకూతురి ఏడుపు కాదు, దేవుడి మనిషి వచ్చి చెప్పిన మాట కాదు, కాళ్ళు కదలని పాలవాళ్ళ కుర్రాడు ఒప్పించాడు. ఒళ్ళు మండింది. ఆ మంటలోనే వంగి వెర్లిన్ నెత్తిన ముద్దు పెట్టి, లోపలి గోలలో వినపడదని ఫోన్ తీసుకుని బయటికి పరిగెత్తాను.

శనివారాలు నర్సు ఎత్తే నంబరు అది. మోగుతూనే ఉంది. కిటికీలోంచి మా బల్ల కనిపిస్తోంది. నోరీన్ పుడ్డింగ్ చెంచా గాల్లో ఊపుతూ ముందుకి వంగి ఏదో చెబుతోంది. వెర్లిన్ వింటూ వింటూ తల ఊపాడు. చెయ్యి చాపి, పడిపోయి ఉన్న కెచప్ సీసాని మెల్లిగా లేపాడు. నిలబెట్టి, ఉప్పు డబ్బా పక్కకి చేర్చి, కళ్ళు చికిలించి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. నలభై అక్టోబర్లుగా చూస్తున్నాను.

నేను అరచేత్తో కిటికీ అద్దం బాదాను. ముగ్గురూ ఉలిక్కిపడి ఇటు చూశారు. వెర్లిన్ సీసా మీంచి చెయ్యి తీసేశాడు.

"హలో," అంది అవతల నర్సు. "పేషెంటు పేరు చెప్పండి."

"వెర్లిన్ స్టకీ. మంగళవారం ఖాయం చెయ్యండి," అన్నాను. "కాస్త త్వరగా రాసుకోండమ్మా. ఇక్కడ మళ్ళీ ఆశ పుడుతోంది."