గుడారంలోకి తెచ్చిన తుపాకీ

మంచు మీద తెల్ల ఎలుగుబంటి తమ గుడారం వైపే రావడం చూసి నౌయా నానమ్మను కేకేసింది. నానమ్మ తుపాకీ ఎత్తి మీట నొక్కింది. అది పేలలేదు.

"రాత్రి దీన్ని లోపలికి తెచ్చావా?"

"బయట చలికి పాడైపోతుందని తెచ్చాను నానమ్మా."

"జలుబు చేస్తుందనుకున్నావా, పిచ్చిమొహమా! పొయ్యి వేడికి చెమ్మ పట్టి, పొద్దున బయటికి తేగానే ఆ చెమ్మ లోపల గడ్డకట్టింది."

నానమ్మ తుపాకీ బోల్టును, అంటే తూటాను పేల్చే ఇనుప కడ్డీని, ఊడదీసి నౌయా కోటులోకి దూర్చి, చంక కింద పెట్టింది. "గట్టిగా నొక్కిపట్టు, నీ ఒంటి వేడికి మంచు కరగాలి. పరుగెత్తావో, ఎలుగు వెంటపడుతుంది."

ఇనుము చల్లదనానికి నౌయా వణికింది. కళ్ళు మూస్తే ఎలుగు మీదికొచ్చేస్తుందేమోనని రెప్ప కూడా వేయలేదు. దాని ఊపిరి ఆవిరి కనిపించాక నానమ్మ బోల్టు లాక్కుని బిగించి, గాలిలోకి పేల్చింది. ఎలుగు వెనుదిరిగి పరుగెత్తింది.

నౌయా మాత్రం ఖాళీ చంకను ఇంకా బిగించే నిలబడింది.