ఊఁ బాబాయ్ అడిగిన మాట

సిలిండరు మూతకు ఇత్తడి పానా తగిలించి, ఊపిరి బిగబట్టి, ఆయన మెల్లగా తిప్పాడు. మూత కిర్రుమంది. లోపల బూడిదరంగు పొడి అట్టకట్టి ఉంది. స్పాంజి నీళ్లు పీల్చినట్టు ఆ లోహపు పొడి హైడ్రోజన్‌ను పీల్చుకుంటుంది, వేడి చేస్తే వదులుతుంది. బళ్లు దాంతోనే నడుస్తాయి. వాడివాడి అలిసిపోయిన పొడిని తీసి కొత్తది నింపడం ఆయన పని. గాలి తగిలిందా, భగ్గుమంటుంది. అందుకే బల్లమీద ఆర్గాన్ వాయువు వదులుతూ ఉండాలి. అది మండదు, మండనివ్వదు. పొడి అంటే షెడ్డులో అందరికీ హడల్. ఆర్గాన్‌ను మాత్రం "పాపం, సాధువు" అంటారు.

ఆయన్ని ఊఁ బాబాయ్ అంటారు. ఏం చెప్పినా "ఊఁ" అనడమే తప్ప మారుమాట ఎరగడు. పెళ్లికి ఒప్పుకున్నప్పుడూ అంతకుమించి పలకలేదని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. చేతుల నిండా కాలిన మచ్చలు. కనుబొమలు సగమే ఉన్నాయి, మిగతా సగం ఒకసారి పొడి తినేసింది. ఆనాటి నుంచి ఆవిడకు కంటిమీద కునుకు లేదు. ఈ ఉదయం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇవాళ మేస్త్రీని అడుగుతారా, నన్నే వచ్చి అడగమంటారా? స్టోరులో వేయమనండి. చాలు ఈ నిప్పుతో చెలగాటం."

"ఊఁ."

"ఊఁ కాదు, మాటివ్వండి."

ఇచ్చాడు. ఇచ్చాడు గానీ, మేస్త్రీ ఇటుగా వచ్చినప్పుడల్లా గొంతు సవరించుకోవడం, పానా తుడుచుకోవడం, అంతే. జీతం పెంచమని ఏనాడూ అడగలేదు. బస్సులో కాస్త జరగమనీ అడగలేదు. అలా అడగకుండానే వయసైపోయింది, పిచ్చి మనిషి.

మధ్యాహ్నం బల్లకింది గుంటలో ఫ్యాను ఆగిపోయింది. ఆర్గాన్ మామూలు గాలికన్నా బరువు, కిందికి జారి గుంటలో చేరుతుంది. దాన్ని బయటికి తోడేది ఆ ఫ్యానే. రొద తగ్గిందని ఆయనకు హాయిగానే అనిపించింది. పైగా ఇవాళ పొడి చిటపటలాడుతోందని ఆర్గాన్ కుళాయి ఇంకాస్త తిప్పాడు. ఆయన భయమంతా పొడిమీదే. రంగూ వాసనా లేకుండా గుంట నిండుతూ వచ్చింది.

సాయంత్రం అందరూ బట్టలు మార్చుకుంటుంటే, ఎక్కడి ధైర్యమో, వెళ్లి మేస్త్రీ ఎదుట నిలబడ్డాడు.

"అయ్యా... నన్ను స్టోరులో వేస్తారా? మా ఆవిడ భయపడుతోంది."

మేస్త్రీ నవ్వేశాడు. "ఇంతేనా బాబాయ్? ఎప్పుడో అడిగుంటే ఎప్పుడో వేసేవాణ్ణి కదా! ఇదిగో తాళంచెవి. రేపు పొద్దున నువ్వే తెరువు."

ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్లూ ఉత్తపుణ్యానికి జంకానని తనమీద తనకే నవ్వొచ్చింది. తాళంచెవి చూపిస్తే ఆవిడ ముఖం ఎలా వెలుగుతుందో ఊహించుకుంటూ బల్ల సర్దడానికి వెళ్లాడు. కుళాయి కట్టేశాడు. ఆ సంబరంలో పానా చెయ్యిజారి గుంటలో పడింది. రేపు ఈ బల్ల దగ్గరికి వచ్చేవాడు వెతుక్కోవాల్సి వస్తుంది కదా, తీసిపెడదాం అనుకున్నాడు. నిప్పురవ్వ లేస్తుందని గుంటలోకి ఇనుము తీసుకెళ్లరు. జేబులోని తాళంచెవి తీసి గట్టుమీద పెట్టి, మెట్లు దిగాడు. వంగాడు. ఒక ఊపిరి పీల్చాడు, ఇంకొకటి పీల్చాడు. ఉక్కిరిబిక్కిరి ఏమీ కాలేదు. మోకాళ్లు మాత్రం వాటంతటవే మడత పడ్డాయి. కునుకు పట్టినవాడిలా గోడకు ఒరిగాడు.

బయట బస్సు హారన్ మోగింది. వెతుక్కుంటూ వచ్చిన మేస్త్రీ ఆయన్ని చూసి గుంటలోకి దూకబోయాడు. వెనకనుంచి ఒకతను నడుం పట్టి లాగేశాడు.

"దిగకండి! ఫ్యాను తిరగట్లేదు! లోపలంతా ఆర్గానే, పీల్చే గాలి లేదు!"

గాలి గొట్టం తెచ్చి, ఆయన్ని పైకి తీసేసరికి అంతా అయిపోయింది. గట్టుమీద స్టోరు తాళంచెవి, ఎవరి కాలూ తగలకుండా గోడవారకు జరిపిపెట్టి ఉంది.