పీట్ గడ్డ రంగు మేజోళ్ళు

పట్టపగలు తెల్ల మేజోళ్ళు వేసుకుని, మా మగవాళ్ళ గళ్ళ కుచ్చిళ్ళ కిల్ట్ కట్టినవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అద్దె దుకాణంవాడు ఏది చేతికిస్తే అది తొడుక్కొచ్చాడని మైలు దూరం నుంచే తెలిసిపోతుంది. పైగా వెండి బొత్తాల నల్లకోటు ఒకటి. అది రాత్రి విందులకు వేసుకునేది. మధ్యాహ్నం పూట, గొర్రెల దొడ్డి పక్కన, ఆ తళతళలు ఎవరికి కావాలి? పగలు ముతక ఉన్ని ట్వీడ్ కోటు వేసుకోవాలి, నడుం ముందు సాదా తోలు సంచి వేలాడాలి, మేజోళ్ళకు ఏదో ఒక రంగుండాలి. ఈ మాత్రం తెలియనివాడు ప్యాంటు వేసుకుని రావచ్చు, ఎవరూ కాదనరు.

ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ నేను పశువుల సంతలో వేలంపాట నడిపాను. నోరు పెద్దది. పని మానేశాక ఈ నోటిని ఏం చెయ్యాలో తోచక కాబోలు, ఏటా ఆగస్టులో మా లోయలో జరిగే ఆటల పండుగలో ఎవరి కట్టు బాగుందో తేల్చే పని ఊరివాళ్ళు నాకు అప్పజెప్పారు. బరువులు విసిరేవాళ్ళు విసురుతుంటారు, సన్నాయిలు ఊదేవాళ్ళు ఊదుతుంటారు, నేను మాత్రం మగవాళ్ళ కాళ్ళు చూస్తూ తిరుగుతుంటాను.

నిజానికి ఆ విద్య నాది కాదు, నా భార్య ఊనాది. "ఒంటి మీద ఒక్కటే మాట్లాడాలయ్యా, తక్కినవి వినాలి" అనేది. కిల్ట్ గళ్ళు మాట్లాడుతుంటే కోటు ఊరుకోవాలి. చొక్కాకి గళ్ళుంటే టై సాదాగా ఉండాలి. మేజోళ్ళు అల్లేటప్పుడు కిల్ట్‌లో కొట్టొచ్చినట్టు కనిపించే రంగు జోలికి పోకూడదు. వెతికితేగాని దొరకని సన్నటి పోగొకటి ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. మా కిల్ట్ ముదురాకుపచ్చ, నీలం. మధ్యలో ఒకే ఒక్క సన్నటి గోధుమ గీత, పొయ్యిలోకి బురదనేలలోంచి కోసి ఎండబెట్టుకునే పీట్ గడ్డ రంగు. నా కోటులోనూ ఆ రంగు నలకలున్నాయి. రెండేళ్ళ కిందటి వేసవిలో ఊనా ఆ రంగుకి జతగా మేజోళ్ళు అల్లింది. ఆమె ఆఖరుగా అల్లినవి అవే.

అప్పటికే ఇద్దరికీ కళ్ళలో శుక్లాలు ముదిరాయి. ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చినప్పుడల్లా "తర్వాత చూద్దాంలే" అనేది ఊనా. ఆ చలికాలం పెరటి మెట్టు అంచు కనబడక జారి పడింది. తుంటి విరిగింది. ఆసుపత్రిలో ఉండగానే నిమ్ము చేసింది. మళ్ళీ ఇంటికి రాలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో రేడియో ఒక్కటే మాట్లాడుతుంది. నేను వింటాను.

ఈ ఏడు జూలైలో నా కుడికన్నుకు ఆపరేషన్ అయింది. ఉన్ని, రొట్టె, తపాలా బిళ్ళలు అన్నీ అమ్మే మా ఊరి దుకాణం రోనా తన కారులో తీసుకెళ్ళి తీసుకొచ్చింది. మర్నాడు కట్టు తీసి చూద్దును కదా, వెన్న రంగు అనుకున్న వంటింటి గోడ సున్నం కొట్టినంత తెల్లగా ఉంది. అద్దంలో ఎవరో ముసలాయన కనిపించాడు. ఊనా కప్పు మీద నీలం పువ్వులున్నాయని మర్చేపోయాను. ఆ కప్పు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చూశావా అని చెప్పడానికి ఎవరూ లేరు. ఎడమకన్ను ఆపరేషన్ ఆటలు అయిన మరుసటి మంగళవారానికి పెట్టారు.

ఆటలు దగ్గర పడ్డాయని బట్టలన్నీ పెట్టెలోంచి తీసి మంచం మీద ఊనా పడుకునే వైపున పరిచాను. కిల్ట్, కోటు, టై, చివరికి మేజోళ్ళు. మేజోళ్ళు చూసి ఎవరివో అనుకున్నాను. అవి వంకాయ రంగులో ఉన్నాయి. లేత వంకాయ కూడా కాదు, నిగనిగలాడే ముదురు వంకాయ. పెట్టె అంతా తిరగేశాను. పై పట్టీలో ఊనా వేసే తాడు అల్లిక చూశాక అవి నావేనని ఒప్పుకోక తప్పలేదు.

ఆపరేషన్ చేసిన కుడికన్ను మూసి, ఎడమకన్నుతో చూశాను. పీట్ గడ్డ రంగు. కోటులో నలకలకు అచ్చు జత. కళ్ళు మార్చి చూశాను. వంకాయ.

మేజోళ్ళు చంకన పెట్టుకుని దుకాణానికి వెళ్ళాను. రోనా వాటిని చూసి చేతిలో ఉన్న రొట్టె కింద పెట్టింది. "అయితే కన్ను బాగానే కుదిరిందన్నమాట, పెద్దాయనా" అంది.

ఆ తర్వాత నేను అడక్కుండానే చెప్పుకొచ్చింది. ఊనా గోధుమ రంగు కావాలని వచ్చిందట. బుట్టలోంచి తానే ఏరుకుందట. ఇదేనా మీకు కావలసింది అని రోనా ఒకటికి రెండుసార్లు అడిగితే, వెంట తెచ్చుకున్న కిల్ట్ ముక్కని గుమ్మం దగ్గర వెలుగులో ఉన్నికి ఆనించి చూసుకుని, అతికినట్టు సరిపోయిందని సంబరపడిందట.

"ఆ మొహం చూశాక నాకు నోరు రాలేదు. తర్వాత మీరు అవి వేసుకుని ఆమె పక్కన నడుస్తుంటే ఇంక ఎవరికీ రాలేదు" అంది రోనా.

ఎవరికీ అంటే ఊరందరికీ తెలుసన్నమాట. రెండు ఆటల పండుగలకు అవే మేజోళ్ళతో తీర్పరినై తిరిగాను. గురివింద గింజ తన నలుపెరగదంటారు. నేను ఆ నలుపుని మోకాలి దాకా లాక్కుని, లోకమంతటి నలుపు లెక్కపెట్టాను. అన్నిటికంటే లాక్లన్ సంగతి గుర్తొచ్చి చెవులు కాలాయి. లాక్లన్ మా పక్క పొలంవాడు, చిన్నప్పటినుంచీ నేస్తం. ఊనా ఉన్న ఆ చివరి ఏడు వాడు గళ్ళ చొక్కా మీద చారల టై కట్టుకుని వరసలో నిలబడితే, నీ టై నా వేలంపాట కంటే గట్టిగా అరుస్తోందిరా అని వందమందిలో అన్నాను. వాడు నా కాళ్ళ వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

నేరుగా వాడి ఇంటికే పోయాను. తలుపు తీయగానే మేజోళ్ళు మొహం మీద ఆడించి, ఆరోజు బెల్లం కొట్టిన రాయిలా ఎందుకు నిలబడ్డావని నిలదీశాను.

"నీకు చెప్పడానికి నాకు భయమేంట్రా? నీ పక్కన ఆవిడుంది కదా. నీ కాళ్ళు చూసుకుని మురిసిపోతోంది. నా పరువు పోతే పోయింది, ఆవిడ మురిపెం పోగొట్టడం ఎందుకనుకున్నా. లోపలికి రా, టీ తాగుదాం" అన్నాడు లాక్లన్.

నేను లోపలికి పోలేదు. కోపంగా ఇంటికొచ్చాను. ఇంటికొచ్చాక కోప్పడదామంటే ఎవరూ లేరు. ఒక గుడ్డు ఉడకబెట్టుకుని తిన్నాను. మంచం మీద బట్టల పక్కన కూర్చుని ఒక కన్ను తర్వాత ఒక కన్ను మూస్తూ ఆ మేజోళ్ళనే చూశాను.

అప్పుడు తట్టింది. ఊనా తప్పు చేయలేదు. ఆమెకు కనిపించిన రంగు ఆమె అల్లింది, నాకూ అదే కనిపించింది. ఊరందరికీ వంకాయ రంగైన దాంట్లో మా ఇద్దరికే పీట్ గడ్డ కనిపించింది. ఆ రంగు లోకంలో మా ఇద్దరికే ఉండేది. ఆమె పోయింది. ఇప్పుడు అది నా ఎడమకంట్లో మాత్రమే ఉంది. మంగళవారం తర్వాత అక్కడా ఉండదు. ఆమె బట్టలు ఇచ్చేసినప్పుడు, మంచంలో ఆమె వైపు దుప్పటి మడిచేసినప్పుడు రానంత ఏడుపు వచ్చింది. ముసలాడు మేజోళ్ళ కోసం ఏడుస్తున్నాడని నవ్వేవాళ్ళు కూడా ఇంట్లో లేరు.

పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేశాను. అవతల అమ్మాయి విషయం ఏమిటని అడిగింది. ఎడమకన్ను సంగతి చలికాలం వెళ్ళాక చూద్దాంలే అన్నాను. చూద్దాంలే. ఆ మాట నా నోట్లోంచి ఊనా గొంతులోనే వచ్చింది. ఫోన్ పట్టుకుని నిలబడ్డ చోటునుంచి కిటికీలో పెరటి మెట్టు కనిపిస్తోంది. ఒక కంటికి ఒక చోట, ఇంకో కంటికి ఇంకో చోట కనిపిస్తోంది. ఆ వారంలో నేనూ దాని మీద రెండుసార్లు తూలాను. ఏమీ లేదమ్మా, మంగళవారమే వస్తాను అని పెట్టేశాను.

ఆటల రోజున ఆ మేజోళ్ళే వేసుకున్నాను. ఈసారి జనం నా కాళ్ళ వంక చూడటం, చూసి వెంటనే చూపు తిప్పుకోవడం నాకు కనిపించింది. ఇన్నాళ్ళూ ఎంత ఓపికగా చూపు తిప్పుకున్నారో అప్పుడు తెలిసింది. లాక్లన్ వరసలోకి వచ్చాడు, అదే గళ్ళ చొక్కా, అదే చారల టై, కావాలనే. నేను వాడి టై చూశాను, వాడు నా మేజోళ్ళు చూశాడు.

"ఇంకా అరుస్తోందిరా" అన్నాను.

"నీవి వినబడుతుంటే నాది ఎవడు వింటాడ్రా" అన్నాడు.

బహుమతి వాడికి ఇవ్వలేదు. నేస్తమని ఇచ్చేస్తే ఊనా ఊరుకోదు. సాయంత్రం అందరూ బీరు డేరాలోకి పోయారు, వాడు రమ్మన్నాడు కూడా. నేను మైదానం అంచున ఒక్కణ్ణే కూర్చుని, కుడికన్ను చేత్తో మూసుకుని, వెలుగు పోయేదాకా నా కాళ్ళు చూసుకున్నాను.

మంగళవారం ఆసుపత్రికి కిల్ట్ కట్టుకుని వెళ్ళాను. కోటు, టై, మేజోళ్ళు, అన్నీ. రోనా నా మేజోళ్ళ వంక చూసి కారు తలుపు తీసి పట్టుకుంది. అక్కడ నర్సు పిల్ల, ఏం తాతా, ఇటునుంచి ఇటే పెళ్ళికి పోతావా అని నవ్వింది. కుర్చీ వాల్చి, ఎడమకంట్లో వెయ్యాల్సిన చుక్కల సీసా తీసింది. ఇవి పడితే చూపు మసకబారుతుంది, కంగారు పడొద్దంది.

ఒక్క క్షణం ఆగమన్నాను. లేచి కూర్చున్నాను. కుడికన్ను అరచేత్తో మూసుకున్నాను. కిల్ట్ అంచు కింద, మోకాలి నుంచి బూటు దాకా, పీట్ గడ్డ రంగు. కోటు అంచు లాగి మేజోళ్ళకు ఆనించి చూశాను. అతికినట్టు సరిపోయింది.

ఆ పిల్ల సీసా పట్టుకుని నిలబడే ఉంది. నేను ఏం చూస్తున్నానో తెలియకపోయినా తొందర పెట్టలేదు.

"చాలా తాతా? వెయ్యనా?" అంది.

"చాలదమ్మా. అయినా వెయ్యి" అన్నాను.