స్విచ్‌లకు బాబాయి చేసిన సాయం

నెట్‌వర్క్ స్విచ్ అంటే ఆఫీసులోని కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టె. కొత్తది వచ్చిందంటే ఎవరో ఒకరు దాని ముందు కూర్చుని, ల్యాప్‌టాప్ తగిలించి, అక్షరాభ్యాసం చేయించాలి. ఈసారి బ్రాంచీలన్నీ తిరిగి ఆ పని చేసి రావాల్సింది ఇంజనీరమ్మే. నెల రోజుల టూరు. ఇంట్లో పాలు మరవని పాప.

అందుకే ఆమె పంతం పట్టి ఒక ఏర్పాటు చేసింది. ఖాళీ స్విచ్‌కి కరెంటు తగిలితే చాలు, తనంతట తానే హెడ్డాఫీసులోని సర్వర్ అనే పెద్ద కంప్యూటర్ని అడిగి తన సెట్టింగులు తెచ్చుకుంటుంది. మనిషి వెళ్లనక్కర్లేదు.

"రేపు మూడు స్విచ్‌లు నా కళ్ల ముందు వాటంతటవే లేస్తే టూరు లేదు. లేవకపోతే బయల్దేరాల్సిందే," అన్నాడు మేనేజరు. చెడ్డవాడు కాదుగానీ, కళ్లతో చూడనిదే దేన్నీ నమ్మడు.

మర్నాడు మూడింటికీ కరెంటు ఇచ్చారు. లైట్లు వెలిగాయి. సర్వర్‌ని మాత్రం ఒక్కటీ పలకరించలేదు. ఇంజనీరమ్మ తప్పెక్కడుందో వెతకడం మొదలుపెట్టింది. కేబుళ్లు చూసింది, సర్వర్ చూసింది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి ఒక స్విచ్‌కి ల్యాప్‌టాప్ తగిలిస్తే, ఖాళీగా ఉండాల్సిన దాన్లో పేరూ పాస్‌వర్డూ కనిపించాయి.

"దీన్నెవరు ముట్టుకున్నారు?"

పెద్ద టెక్నీషియన్ ముందుకొచ్చాడు. ఆఫీసంతటికీ ఆయన బాబాయే. అడిగినా అడగకపోయినా సాయం చేసే రకం.

"నేనేనమ్మా. చంటిపిల్ల తల్లివి, పొద్దున్నే హడావిడి పడతావని నిన్న సాయంత్రమే మూడింట్లోనూ పేరూ పాస్‌వర్డూ పెట్టి ఉంచా. తప్పా?"

"కడుపు నిండినవాడు అన్నం అడుగుతాడా బాబాయ్?"

తిట్టాలో నవ్వాలో ఆమెకి తెలియలేదు. మూడింట్లోనూ ఉన్నదంతా తుడిచేసి, ఆపి మళ్లీ వేసింది. మొదటిది అడిగింది. రెండోదీ అడిగింది. మూడోది బెట్టు చేసింది. బాబాయి దేన్నీ ముట్టుకోకుండా చేతులు చంకల్లో దాచుకున్నాడు. అదీ అడిగింది.

"సరే, టూరు రద్దు," అని మేనేజరు తన గదికి వెళ్లిపోయాడు.

ఆమె వరండాలోకి పోయి భర్తకి ఫోన్ చేసింది. ఏడుపొచ్చింది.

"ఏమైంది? లేవలేదా అవి?"

"లేచాయండీ. నేనెక్కడికీ వెళ్లట్లేదు!" అంటూ బావురుమంది. అమ్మ గొంతు విని అవతల పాప కూడా అందుకుంది.

"బాగుంది, ఇప్పుడు మీ ఇద్దర్లో ముందు ఎవర్ని ఊరుకోబెట్టను?" అన్నాడాయన.