వడియాల కాపలా కెమెరా

ఈశ్వరమ్మ మిద్దె మీద కెమెరా పెట్టించింది దొంగల కోసం కాదు, కాకుల కోసం.

ఆళ్లగడ్డలో ఆమె పెట్టే బూడిదగుమ్మడికాయ వడియాలకు పేరుంది. బనగానపల్లె వాళ్లూ దొర్నిపాడు వాళ్లూ ఫోనులోనే "అక్కా, మాకు రెండు కేజీలు" అని అడుగుతారు. ఆమె ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతుంది, వాళ్లు బొటనవేలి బొమ్మ పెడతారు, బేరం అయిపోతుంది. కాకపోతే వడియాలు పెట్టింది మొదలు అవి ఎండేదాకా మిద్దె మీద ఒక మనిషి కూర్చోవాలి. ఎండకు తల మాడిపోతోందని ఆమె మొత్తుకుంటుంటే, నంద్యాలలో ఉండే అల్లుడు ప్రదీప్ ఒక కెమెరా తెచ్చి మెట్లగది గోడకు బిగించాడు. సిమ్ము వేసే కెమెరా. నెత్తిన చిన్న సోలార్ పలక. ఫోనులో వేలు ఎటు జరిపితే అటు మెడ తిప్పుతుంది. మైకు బొమ్మ మీద వేలు పెట్టి మాట్లాడితే మన గొంతు మిద్దె మీద వినబడుతుంది, అక్కడి మాట మనకూ వినబడుతుంది. వంటింట్లో కూర్చుని "హుష్!" అంటే పైన కాకి లేచిపోయింది. ఆ పూట ఈశ్వరమ్మ అల్లుడికి రెండుసార్లు నెయ్యి వేసింది.

పక్క మిద్దె షాహజాదీది. మధ్యలో మోకాలెత్తు గోడ. షాహజాదీ మొగుడు హుస్సేన్ వలి దర్జీ. ఇరవై ఏళ్లుగా ఆ గోడ మీదుగా కూరగిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. కెమెరా పెట్టిన రెండో రోజు ఈశ్వరమ్మ మెడ తిప్పడం నేర్చుకుంటూ దాన్ని కాస్త ఎక్కువే తిప్పింది. ఫోనులో షాహజాదీ కనబడింది, గోడకానుకుని తలకు నూనె పెట్టుకుంటూ. ఈశ్వరమ్మకు సంబరం ఆగలేదు. మైకు నొక్కింది.

"ఏం షాహజాదీ, నూనె పెట్టుకుంటాండావా?"

గోడలోంచి మాట వచ్చేసరికి షాహజాదీ అదిరిపడి నూనెగిన్నె ఒళ్లో ఒలకబోసుకుంది. ఆ గొంతు ఎవరిదో తెలిశాక కొంగు బిగించి గోడ దగ్గరికి వచ్చింది. ఈశ్వరమ్మ నవ్వుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"మా ఇంట్లోకి చూసేకి పెట్టినావా అక్కా దీన్ని?"

పొరపాటైంది లేవే అనుంటే అక్కడితో పోయేది. ఈశ్వరమ్మకు రోషం వచ్చింది.

"మీ ఇంట్లో ఏముందే చూసేకి?"

అంతే. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మర్నాడు షాహజాదీ తన మిద్దె మీది తీగకు పరుపుగుడ్డ ఒకటి తెరలా కట్టింది. ఈశ్వరమ్మ అల్లుడి చేత షాహజాదీ నంబరు తన ఫోనులోంచి తీసేయించింది. "నేను ముందుగా మాట్లాడితే నా పేరు ఈశ్వరమ్మే కాదు" అని వీధి కుళాయి దగ్గర నలుగురిలో చెప్పింది. షాహజాదీ అదే కుళాయి దగ్గర అదే మాట చెప్పింది, పేరు మాత్రం మార్చి.

మూడు నెలలు గడిచాయి. ఎండాకాలం ముదిరింది. బనగానపల్లెలో ఒక పెళ్లికూతురి సారెలోకి వడియాలు కావాలన్నారు. ఈశ్వరమ్మ ఎనిమిది పాత చీరలు మిద్దెంతా పరిచి పెట్టింది. పెట్టి చేతులు కడుక్కుంటుండగానే ప్రదీప్ ఫోను. కూతురు మానసకు పదిరోజుల ముందే నొప్పులొచ్చాయి. ఈశ్వరమ్మ కట్టుకున్న చీరతోనే నంద్యాల బస్సెక్కింది. రాత్రికి మనవరాలు పుట్టింది. తల్లీ బిడ్డా కులాసా.

మర్నాడు మధ్యాహ్నం ఆస్పత్రి వార్డులో మానస మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఈశ్వరమ్మ ఒడిలో మనవరాలిని, చేతిలో మిద్దెను పెట్టుకుంది. కాకి వాలినప్పుడల్లా "హుష్!" అంటోంది. వార్డులో మంచాలన్నీ ఉలిక్కిపడుతున్నాయి. కోడలి కాన్పుకు ప్యాపిలి నుంచి వచ్చిన రామేశ్వరమ్మ పక్క మంచం దగ్గరి నుంచి తన స్టూలు జరుపుకుని వచ్చింది.

"ఎవర్నమ్మా తరుముతాండావు?"

"కాకిని. ఆళ్లగడ్డలో ఉండాది."

రామేశ్వరమ్మ ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి, ఫోనులోకి తొంగిచూసి, కాకి నిజంగానే లేచిపోవడం చూసి, ఇక అక్కడే ఉండిపోయింది.

నంద్యాలలో కిటికీ బయట ఎండ పెళ్లున కాస్తోంది. ఫోనులో మాత్రం వెలుతురు తగ్గింది. చీరల అంచులు లేచి కొట్టుకుంటున్నాయి. ఈశ్వరమ్మ వేలితో మెడ తిప్పి చూసింది. నల్లమల మీద మబ్బు నల్లగా దిగి ఊరివైపు వస్తోంది.

గురువారం పెళ్లి. మళ్లీ పెట్టాలంటే కాయల్లేవు, దినాల్లేవు. వడియాలు అమ్ముతున్న పన్నెండేళ్లలో ఇస్తానన్న సరుకు ఇవ్వకుండా పోయింది లేదు. వెనకింటి అంకన్నకు ఫోను చేసింది. "అహోబిలంలో ఉండానక్కా, కొండెక్కతాండా" అన్నాడు.

"పక్కింటివాళ్లు లేరా?" అంది రామేశ్వరమ్మ.

"ఉండారు. మాటల్లేవు."

"ఇట్లాంటప్పుడు మాటలేందమ్మా? ఫోన్ కొట్టు."

"నంబరే తీసేయించినా. నోటికి రాదు. అల్లుడి ఫోనులో ఉండాల." అల్లుడికి ఫోను చేసింది. అది మంచం కింద సంచీలో మోగింది. ప్రదీప్ దానికి లాక్ వేసి అక్కడే పెట్టి మందులకు పోయాడు.

అప్పుడే ఫోనులో పరుపుగుడ్డ కదిలింది. షాహజాదీ బట్టలు తీసుకునేందుకు మిద్దెక్కింది. తీగ మీది తన చీరలు తీసింది, చొక్కాలు తీసింది, చివరికి పరుపుగుడ్డ కూడా లాగి భుజాన వేసుకుంది. మూడు నెలల తర్వాత ఆమె ముఖం ఫోనులో నిండుగా కనబడింది. వడియాల వైపు చూసింది, కెమెరా వైపు చూసింది, ముఖం తిప్పుకుంది.

మాటల్లేనివాళ్లు కూడా మా పక్క మాట్లాడుకుంటారు. కాకపోతే కోడికో గోడకో చెబుతారు. ఈశ్వరమ్మ మైకు నొక్కింది.

"ఓ కాకీ! వాన వస్తాంది. ఆడ మనుషులనేవాళ్లుంటే నాలుగు వడియాలు లోపల పెట్టరా?"

మిద్దె మీద కాకి లేదు. గాలి లేవగానే పోయింది. షాహజాదీ కెమెరా వైపు తిరక్కుండా బట్టలతీగకు చెప్పింది.

"ఓ తీగా! మా ఇంట్లో ఏమీ లేదంట గదా. ఏమీ లేనోళ్లకు చేతులు మాత్రం యాడుంటాయి?"

"ఏం మాటన్నావు తల్లీ ఆయమ్మను?" అంది రామేశ్వరమ్మ.

ఈశ్వరమ్మ చెప్పింది.

"తప్పే. నేనైతే పరుపుగుడ్డ కాదు, గోడే కట్టుకుందును."

అప్పటికి ఎదురు మంచాలవాళ్లు కూడా చేరారు. నర్సు మహాలక్ష్మి విసురుగా వచ్చింది. "ఇది ఆస్పత్రా, సంతా? ఏందీ గుంపు?" అని ఫోనులోకి చూసి, "అయ్యో, ఎనిమిది చీరలా!" అని అక్కడే నిలబడింది.

కెమెరా అద్దం మీద మొదటి చినుకు పడింది. మిద్దె సగం మసకైంది. ఆ మసకలోనే ఈశ్వరమ్మ ఒకటి గమనించింది. షాహజాదీ బట్టలన్నీ భుజానికెత్తుకుంది. తీగ ఖాళీ. అయినా దిగిపోవడం లేదు. చినుకుల్లో అట్లాగే నిలబడి తీగ వైపు చూస్తోంది.

"షాహజాదీ!" అంది ఈశ్వరమ్మ.

"ఏందక్కా!" అంది షాహజాదీ. ఆ మాట నోట్లో మూడు నెలలుగా కాచుక్కూర్చున్నట్టు వెంటనే వచ్చింది.

"మీ ఇంట్లో ఏముందని అంటి గదా."

"అంటివి."

"నువ్వుండావు. ఇరవై ఏండ్లుగా పొద్దున లేస్తే నీ ముఖమే గదే నేను చూసేది. ఆ పొద్దు దానికే తిప్పినా."

బొమ్మ ఆగిపోయింది. షాహజాదీ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండి, మధ్యలో గుండ్రటి గీత గిర్రున తిరుగుతోంది. మాట ఆమెకు చేరిందో లేదో తెలియదు. బొమ్మ మళ్లీ కదిలేసరికి తీగ దగ్గర మనిషి లేదు. గొంతు మాత్రం వినబడింది.

"ఏమయ్యా, కుట్టింది చాలు! బిరబిర పైకి రా!"

ఈశ్వరమ్మ వేలు జరిపింది. షాహజాదీ అప్పటికే గోడ దాటి వచ్చి మొదటి చీర అంచు పట్టుకుని ఉంది. మెడలో టేపుతో హుస్సేన్ వలి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఇద్దరూ నాలుగు మూలలూ పట్టి చీరను మంచంలా మోసుకుపోతున్నారు.

"మడత పెట్టొద్దే, అతుక్కుంటాయి!"

"నంద్యాలలో కూర్చోని నాకు నేర్పొద్దక్కా!"

"ఆ మూలది! ఆ మూలది మిగిలిందని చెప్పు!" అని నర్సు మహాలక్ష్మి ఈశ్వరమ్మ చెవిలో అరిచింది. ఆ అరుపు మైకులోంచి మిద్దెదాకా పోయి, హుస్సేన్ వలి బెదిరి ఆ మూలకు పరిగెత్తాడు.

ఏడు చీరలు లోపలికి చేరాయి. ఎనిమిదోది సగం గంజి అయింది. ఈ గోలకు పసిబిడ్డ లేచి కేరుమంది. వానలో తడుస్తూ షాహజాదీ కెమెరా కిందికి వచ్చింది.

"ఎవరక్కా ఏడ్చేది?"

"మానస కూతురు. రాత్రి పుట్టింది."

"పుట్టిందా! నాకు చెప్పలేదేం?"

"మాటల్లేవు గదే."

"అవును గదా" అంది షాహజాదీ. "సరే, ఏడవనీ, ఇంకొంచెం వింటా."

మర్నాడు వాన వెలిసి ఎండ కాసింది. వార్డులో స్టూళ్లన్నీ ఈశ్వరమ్మ చుట్టూ చేరాయి. ఫోనులో షాహజాదీ చీరలు మళ్లీ పరుస్తోంది. మిగిలిన వడియాలు పాడు కాలేదు, బనగానపల్లె సారెకు సరిపోతాయి. అంతా పరిచాక షాహజాదీ వంగి రెండు పిడికిళ్లు కొంగులో వేసుకుంది. ఎవరూ చూడకుండా కాదు. కొంగు ఎత్తి కెమెరాకు చూపించింది.

"ఏం, పేరులేనక్కా, చూస్తాండావా? బాగా చూసుకో. ఇవి మోతకూలి."

"పేరులేనక్కేంది?" అంది ఈశ్వరమ్మ.

"ముందుగా మాట్లాడితే పేరు ఈశ్వరమ్మే కాదని కుళాయి కాడ నువ్వే అంటివి గదా. మాట్లాడితివి. ఇంకేం పేరుతో పిలవాల?"

"ముందు మాట్లాడింది నేను కాదు, ఫోను."

వార్డంతా నవ్వింది. నవ్వితే కుట్లు లాగుతున్నాయని మానస ఒక చేత్తో కడుపు పట్టుకుంది. రామేశ్వరమ్మ మోచేత్తో పొడిచింది. "ఊరుకుంటావేందమ్మా, రెండు పిడికిళ్లు తీసుకుండాది!"

ఈశ్వరమ్మ మైకు నొక్కింది.

"ఇంకో పిడికెడు తీసుకోవే. హుస్సేన్ వలన్న కూడా మోసినాడు గదా."